నలభైకి ముప్ఫై ఎనిమిది

నేను నాలుగో అంతస్తుకు చేరేసరికి తిర్సిత్ చేతిలోంచి ఫోన్ లాక్కుంటున్నారు.

ఇద్దరు గార్డులు ఆమెను మూలనున్న అద్దాల గదిలోకి నెట్టి తలుపు వేశారు. ఆమె కేక వేయలేదు. లోపలి నుంచి అద్దానికి అరచేయి ఆనించి, హాలులో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే చూసింది. ముప్ఫై తలలు ముప్ఫై కంప్యూటర్ల వెనక్కి దిగిపోయాయి. నిన్నటిదాకా ఆమెతో ఒకే పళ్లెంలో ఇంజెరా రొట్టె తుంచుకుని తిన్నవాళ్లే అందరూ.

సాయంత్రం అయిదుకు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఈలోగా, సంస్థ బయటి నుంచి పిలిపించిన పరీక్షకురాలిగా నేను ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఫానోస్ అనే యంత్రం చెప్పిన మాట నమ్మవచ్చా? నమ్మవచ్చని నేను సంతకం పెడితే తిర్సిత్ జైలుకు పోతుంది. ఇరవై ఏడేళ్ల పిల్ల. మనిషి చావుకు కారణమైందన్న కేసు.

చచ్చిపోయిన మనిషి సెంబో ఆసుపత్రిలో ఒక ముసలాయన. సెంబో రాజధాని అడిస్‌కు ఉత్తరాన కొండదారిలో ఉంది. అక్కడికి ఆక్సిజన్ సిలిండర్లు పంపే బాధ్యత ఈ సంస్థది. ఏ లారీ ఏ ఆసుపత్రికి ఎన్ని సిలిండర్లు మోయాలో నెఫాస్ అనే సాఫ్ట్‌వేర్ రోజూ తెల్లవారుజామున జాబితా వేస్తుంది. మొన్న మంగళవారం జాబితాలో సెంబో లేదు. బుధవారమూ లేదు. వానలకు ఫోన్ లైన్లు తెగి ఆసుపత్రివాళ్ల మొర ఎవరికీ వినపడలేదు. బుధవారం సాయంత్రం ముసలాయనను విరిగిన కొండదారి దాటేదాకా మంచం మీద మోసి, అవతల జీపులో ఎక్కించి నగరానికి బయలుదేరారు. సగం దారిలో ఆయన ఊపిరి ఆగింది.

నెఫాస్ చెడిపోలేదు. ఆ సంగతి ఆ రాత్రే తేలింది. చెడిపోతే జాబితా చెదిరిపోయేది. ఒక్క ఆసుపత్రి మాత్రం, కత్తిరించినట్టు, మాయమైంది. అంటే ఆసుపత్రిని జాబితాలోంచి తీసేసే పని ఒకటి ఎవరో కావాలనే ఆ కోడ్‌లో రాసి పెట్టారు. ఎక్కడ రాశారు? కోడ్ పదకొండు లక్షల లైన్లు. పన్నెండేళ్లలో తొంభై మంది రాసి వెళ్లారు. చోటు దొరికితే చాలు, ఎవరు ఎప్పుడు రాశారో పక్కనే ఉంటుంది. ఆ చోటు దొరకడమే కష్టం.

సంస్థ అధ్యక్షురాలు సోఫానిత్ వెంటనే ఒక పని చేసింది. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ఎవరూ ముట్టకూడదని తాళం వేయించింది. లారీలను ఫోన్ మీద నడిపిస్తున్నారు. రెండో పని, సంస్థలోనే పనిచేసే ఇంజనీరు యిల్కల్‌ను పిలిచి వెతకమంది.

ఫానోస్ యిల్కల్ చేసిన యంత్రమే. ఆ పేరుకు అర్థం లాంతరు. అది అరగంటలో తిర్సిత్ రాసిన ఫైలు మీద వేలు పెట్టింది. వేల లైన్ల ఆ ఫైలులో తప్పు ఏ లైనులో ఉందో మాత్రం చెప్పలేదు.

*

యిల్కల్‌ను నేను ఆరేళ్లుగా ఎరుగుదును. యూనివర్సిటీలో నా దగ్గరే చదివాడు. వాడి చివరి వ్యాసాన్ని రెండుసార్లు వెనక్కి పంపాను. ఆ కసి వాడి కళ్లలో ఇంకా ఉంది.

హాలు మధ్యలో నాకు ఒక బల్ల ఇచ్చారు. కుర్చీకి ఒక చేయి లేదు. కాఫీ పోసే అమ్మాయి పళ్లెంతో అందరి దగ్గరా ఆగి, నా దగ్గరకొచ్చేసరికి పక్కకు తిరిగి పోయింది. మా ఊళ్లో ఇంటికొచ్చిన అప్పులవాడికి కూడా కాఫీ పోస్తారు. ఎవరు చెప్పారో అడగలేదు, అర్థమైంది.

"ఇటియే జినాష్, మీరు పరీక్ష పెట్టడానికి వచ్చారా, పాత లెక్క తేల్చుకోవడానికి వచ్చారా?" అన్నాడు యిల్కల్, బల్ల అంచు మీద కూర్చుని. నన్ను 'ఇటియే', అంటే అక్కా, అని పెద్దరికం ఇచ్చి పిలుస్తూనే పాదం ఊపుతున్నాడు.

పరీక్షకేనన్నాను. వాడు నవ్వి ఒక కాగితం నా ముందుకు తోశాడు. పరీక్ష తనే పెట్టేశాడట. నలభై పాత ఫిర్యాదులు తీసుకున్నాడు. ఒక్కోదానికి చోటు ఇప్పటికే తెలుసు. ఎందుకంటే ఆ ఫిర్యాదును ఒకప్పుడు ఎవరో సరిచేశారు, ఎక్కడ సరిచేశారో రికార్డులో ఉంది. ఫిర్యాదు మాత్రం చదివి, జవాబు చూడకుండా చోటు చెప్పమని మూడు పద్ధతులను అడిగాడు.

మొదటిది మాటల పద్ధతి. ఫిర్యాదులోని మాటలకు దగ్గరైన మాటలు కోడ్‌లో ఎక్కడున్నాయో వెతుకుతుంది. నలభైలో పందొమ్మిది. రెండోది నడక పద్ధతి. తప్పు వచ్చేలా ఒకసారి, రాకుండా ఒకసారి సాఫ్ట్‌వేర్‌ను నడిపి, మొదటిసారి మాత్రమే అడుగు పడిన చోట్లను పట్టుకుంటుంది. ఇరవై నాలుగు. మూడోది ఫానోస్. ఇన్నేళ్ల మార్పుల చరిత్రంతా చదివి, ఇలాంటి ఫిర్యాదు వస్తే ఏ చోట చెయ్యి పెడతారో నేర్చుకుంటుంది. ముప్ఫై ఎనిమిది.

ఆ అంకెను కాగితం చివర పెద్దక్షరాల్లో రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.

నాకు ఇరవై ఏళ్లుగా ఇదే పని. దేశ విదేశాల్లో ఇలాంటి పద్ధతులు ఎన్నో తూచాను. నలభైకి ముప్ఫై ఎనిమిది నేను ఎక్కడా చూడలేదు. మంచి పద్ధతికి ముప్ఫై వస్తే పండగ.

"ఆ తప్పిన రెండూ చూపించు," అన్నాను.

"ముప్ఫై ఎనిమిది వదిలేసి రెండు పట్టుకుంటారా? విందుకు పోయి ఉప్పు తక్కువైందని పేచీ పెట్టే రకం మీరు."

హాలులో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడే అందరూ 'గాషే', అంటే పెద్దన్న, అని పిలిచే బెకాలు తన గదిలోంచి బయటికి వచ్చాడు. జనరల్ మేనేజరు. యాభై ఎనిమిదేళ్లు. తొలి రోజుల్లో కోడ్ రాసేవాడట, ఇప్పుడు సంతకాలు పెడతాడు. గొంతు మెత్తన. అందరి భుజం మీదా చెయ్యి వేసి మాట్లాడతాడు.

నా భుజం మీదా వేశాడు. చచ్చినవాడి కుటుంబం గేటు దగ్గర తెల్లబట్టలతో కూర్చుని ఉందనీ, వాళ్లకు ఈ రోజు ఎవరో ఒకరిని చూపించకపోతే రేపు ఈ భవనానికి అద్దాలు మిగలవనీ చెప్పాడు. సంతకం పెట్టడానికి సాయంత్రం దాకా ఎందుకని అడిగాడు. పిల్ల మీద తనకూ జాలి ఉందన్నాడు.

"లాంతరు పట్టుకుని చూపిస్తుంటే, కళ్లు మూసుకుంటానంటే ఎట్లా చెల్లీ?"

నేను అతని చేతిని భుజం మీదనుంచి తీశాను. అతను నవ్వుతూనే ఉన్నాడు, వేళ్లు మాత్రం గుప్పిటలోకి ముడుచుకున్నాయి.

*

ఫానోస్ లాంటి పద్ధతిని తూచేటప్పుడు ఒక నియమం ఉంది. ఫిర్యాదు వచ్చిన రోజుకు ముందున్న చరిత్ర మాత్రమే దానికి చదవనివ్వాలి. ఆ తర్వాతి చరిత్ర చదవనిస్తే, ఆ ఫిర్యాదును సరిచేసిన మార్పు కూడా అందులోనే ఉంటుంది. పిల్లాడికి ముందురోజే జవాబులన్నీ చదివించి, మర్నాడు పరీక్ష రాయించినట్టు.

యిల్కల్‌కు ఈ నియమం తెలుసు. నేనే నేర్పాను. ప్రతి ఫిర్యాదుకూ తేదీ పెట్టి, అక్కడే చరిత్రను కోసేశాడు. ఆ కోతలు నేను ఒక్కొక్కటే విప్పి చూశాను. కోత పెట్టిన తీరులో తప్పు లేదు.

మధ్యాహ్నం పన్నెండయింది. ఫిల్సెతా ఉపవాసాల రోజులు, హాలంతా ఆకలి చిరాకుతో ఉంది. నాకిచ్చిన వైఫై పాస్‌వర్డు రెండుసార్లు తప్పని తేలింది. మూడోసారి అడిగితే, పక్క బల్ల కుర్రది నా వైపు చూడకుండానే కాగితం ముక్క విసిరింది. వాళ్ల కోపం నాకు తెలుసు. తిర్సిత్ కాకపోతే ఇంకొకరు. ఆ ఇంకొకరు తామే కావచ్చు. ఆమె లోపలుంటేనే అందరికీ క్షేమం.

తప్పిన రెండు ఫిర్యాదులూ తెర మీద పెట్టుకున్నాను. పద్నాలుగోది, ఇరవై ఏడోది. ఒకటి లారీ నంబరు తప్పు పడటం గురించి. ఇంకొకటి ప్రింటు సగంలో ఆగడం గురించి. పోలిక లేదు. ఫైళ్లు వేరు, రాసినవాళ్లు వేరు. ఎంతసేపు చూసినా రెంటికీ లంకె దొరకలేదు.

అప్పుడు తేదీల మీద చూపు పడింది.

ఒకటి 31. రెండోదీ 31.

నేను కుర్చీలోంచి లేచాను. మా పంచాంగంలో ఏ నెలకూ ముప్ఫై ఒకటో రోజు లేదు. పన్నెండు నెలలకూ తలా ముప్ఫై రోజులు, చివర మిగిలిన అయిదారు రోజులకు పదమూడో నెల. ఆరేళ్ల పిల్లనడిగినా చెబుతుంది. ముప్ఫై ఒకటి ఉందంటే అది ఫెరెంజిల, అంటే తెల్లవాళ్ల, క్యాలెండరు. మరి ఈ జాబితా పైన యిల్కల్ రాసుకున్నది వేరు. 'మన తేదీలు, ఫెరెంజి తేదీలుగా మార్చి కోశాను' అని.

ఇక్కడ ఇది రోజూ ఉండే తంటా. మనుషులు రాసే కాగితాలన్నీ మా పంచాంగంలో ఉంటాయి, కంప్యూటర్లు ఫెరెంజి క్యాలెండర్లో ఉంటాయి. రెంటికీ ఏడెనిమిదేళ్ల తేడా. మార్చకుండా ఏ పనీ సాగదు. కానీ ఈ నలభై తేదీలూ ముందే మారి ఉన్నాయి. వాటిని మన తేదీలనుకుని యిల్కల్ మళ్లీ మార్చాడు. దాంతో కోత పడాల్సిన చోటు నుంచి ఏడెనిమిదేళ్లు ఇవతలికి జరిగింది. ఫానోస్ ప్రతి ఫిర్యాదుకూ జవాబును చదివేసి, ఆ తర్వాత జవాబు చెప్పింది. ముప్ఫై ఒకటో తేదీలు రెండూ మాత్రం మారడానికి మొరాయించి, ఉన్నచోటే ఉండిపోయాయి. కోత సరిగ్గా పడింది ఆ రెంటికే. ఫానోస్ తప్పింది ఆ రెండే.

సరిచూసుకోవడానికి ఏడో ఫిర్యాదు తీశాను. యిల్కల్ మార్చిన తేదీ ప్రకారం అది నిరుడు వచ్చింది. దాన్ని సరిచేసిన మార్పు మాత్రం ఎనిమిదేళ్ల కిందటిది. జబ్బు పుట్టకముందే మందు పడింది.

*

యిల్కల్‌ను మెట్ల దగ్గరికి పిలిచి కాగితం మొహం మీద పెట్టాను. మోసం చేశావన్నాను.

వాడి మొహం నల్లబడింది. ముందు అరిచాడు. తర్వాత లెక్క చూశాడు. మూడో నిమిషంలో గోడకు వీపు ఆనించాడు.

"నేను మోసం చెయ్యలేదు. మీరు నన్ను ఏమన్నా అనండి, అది మాత్రం అనకండి. వీటిని నాకు ఇచ్చినప్పుడే చెప్పారు, మన తేదీలని."

"ఎవరు చెప్పారు?"

వాడు బల్ల దగ్గరికి వెళ్లి, సొరుగులోంచి ఒక కవరింగ్ లెటర్ తెచ్చాడు. ఒకే ఒక్క వాక్యం. ఫిర్యాదుల జాబితా జతచేశాం, తేదీలన్నీ మన పంచాంగం ప్రకారం ఉన్నాయి, మార్చుకుని వాడండి. కింద సంతకం గాషే బెకాలుది.

జాబితాలో సంవత్సరాలు 2013 నుంచి 2016 దాకా ఉన్నాయి. మా పంచాంగంలో ఇప్పుడు నడుస్తున్నది 2017. ఎవరు చూసినా ఈమధ్యవే అనుకుంటారు. అది ఒప్పుకున్నాను. కానీ రెండు తేదీలు మారనని మొండికేశాయి కదా, ఎందుకని అడగలేదేం?

ముప్ఫై ఎనిమిది వచ్చాక ఆ రెంటినీ ఎవరు పట్టించుకుంటారని గొణిగాడు. నా దగ్గర వాడి వ్యాసం రెండుసార్లు వెనక్కి రావడానికి కారణం కూడా అచ్చంగా అదే. ఇప్పుడు గుర్తు చేయలేదు.

అద్దాల గది తలుపు దగ్గర గార్డు అడ్డం నిలబడ్డాడు. ఎవరినీ పంపొద్దని మేనేజరు ఆజ్ఞ అన్నాడు. సోఫానిత్ నాకిచ్చిన ఉత్తరం చూపించాను. చదవడానికి కావాలని అయిదు నిమిషాలు తీసుకుని, చివరికి జరిగాడు.

తిర్సిత్ నేల మీద కూర్చుని ఉంది. కుర్చీలు తీసేశారు. నేను కూడా నేల మీదే కూర్చున్నాను.

జాబితా వేసే ఫైలులో ఎన్నిసార్లు చెయ్యి పెట్టావని అడిగాను. రెండు వందల పన్నెండుసార్లు అంది. లెక్క గుర్తుంది. జాబితాలో ఎవరు తప్పు చేసినా సరిచేయమని తనకే ఇస్తారట.

ఫానోస్ ఆమె మీద వేలు ఎందుకు పెట్టిందో అప్పుడు తెలిసింది. అది చరిత్ర చదివి నేర్చుకుంటుంది. చరిత్రలో ఆ ఫైలు పక్కన ఎక్కువసార్లు ఉన్న పేరు ఈమెది. గాయాలకు కట్టు కట్టినదాన్ని పట్టుకుని, పొడిచింది నువ్వేనంటోంది ఆ లాంతరు.

"ఫిర్యాదుల రిజిస్టర్లో తేదీలు ఎవరు మార్చారు?" అన్నాను.

"నేనే, ఇటియే. పోయిన ఏడు గాషే బెకాలు చేయించారు. మూడు వారాలు పట్టింది. అయ్యాక పక్కన కూర్చుని ఒక్కొక్క పేజీ చూసి సంతకం పెట్టారు. ఇకనుంచి అన్నీ ఫెరెంజి తేదీలే, మళ్లీ ఎవరూ ముట్టుకోవద్దని అందరి ముందూ చెప్పారు కూడా."

ఒక్కొక్క పేజీ చూసి సంతకం పెట్టిన మనిషి, ఏడాది తిరక్కుండా అవి మన తేదీలని ఉత్తరం రాశాడు. మరిచిపోయి ఉండవచ్చు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మరపు నేరం కాదు. ఆ ఒక్క ఉత్తరంతో ఎవరి పేరూ చెప్పలేను.

లేచి తలుపు తీసేసరికి ఎదురుగా బెకాలు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

"ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాను చెల్లీ," అన్నాడు. "అయిదు దాకా ఎందుకు, మూడింటికే వస్తున్నాడు."

గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

*

సోఫానిత్ గదిలో నలుగురం కూర్చున్నాం. ఆమె, బెకాలు, యిల్కల్, నేను. సోఫానిత్ డెబ్భయ్యేళ్ల మనిషి, నలుసంత మాట కూడా వృథా చేయదు. నేను తేదీల సంగతి చెప్పాను. ఉత్తరం బల్ల మీద పెట్టాను.

బెకాలు ఉత్తరం చూసి, నిట్టూర్చి, నుదురు రుద్దుకున్నాడు. పొరపాటైందన్నాడు. ఈ దేశంలో ఈ పొరపాటు చేయనివాడు ఎవడని అడిగాడు. పెళ్లి పత్రికల్లో జరుగుతుంది, పాస్‌పోర్టుల్లో జరుగుతుంది. అయినా తేదీలు ఎటు మారితేనేం, పిల్ల తప్పు మారుతుందా అన్నాడు.

నేను అడిగింది ఒకటే. పద్ధతులను సరైన తేదీలతో మళ్లీ తూస్తాను. ఏది ఎక్కువ తూగితే దాన్నే సెంబో మీద ప్రయోగిస్తాను. కానీ సెంబో ఫలితం చూడకముందే, ఆ పద్ధతికి కట్టుబడతామని సోఫానిత్ రాసివ్వాలి. ఫలితం చూశాక పద్ధతిని ఎంచుకుంటే అది వెతకడం కాదు, కావలసినవాణ్ణి పట్టుకోవడం.

బెకాలు మొదటిసారి గొంతు పెంచాడు. బయటి మనిషి వచ్చి మా కోడ్‌ను కెలికితే ఊరుకోమన్నాడు. కోడ్‌కు తాళం వేయమన్నది మీరే కదా అని సోఫానిత్‌ను అడిగాడు. నేను నడిపేది నకలు అనీ, అసలును ముట్టుకోననీ చెప్పాను. జనరేటరుకు డీజిల్ చాలదన్నాడు. యిల్కల్ తన ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండా ఉందన్నాడు. ఎవరూ అడగకుండానే.

బెకాలు వాడివైపు తిరిగి, ఎవడి ఉప్పు తింటున్నావో గుర్తుందా అన్నాడు.

"నా యంత్రంతో నా పరువు తీయించారు గాషే," అన్నాడు యిల్కల్. "ఉప్పు సంగతి తర్వాత చూసుకుందాం."

సోఫానిత్ కలం మూత తీసింది.

"నీకేం నష్టం, బెకాలూ?"

ఆమె రాసి, సంతకం పెట్టింది.

గంట పట్టింది. యిల్కల్ పక్కనే కూర్చుని నలభై తేదీలూ చేత్తో సరిచేశాడు. నేను ఒక్కొక్కటీ రిజిస్టరుతో పోల్చాను. మాటల పద్ధతి, నడక పద్ధతి చరిత్ర చదవవు, కోడ్‌నే చూస్తాయి. ఆ కోడ్‌ను యిల్కల్ తేదీని బట్టి కాక, తప్పును సరిచేసిన మార్పుకు ముందరి నకలు నుంచే తీసుకున్నాడు; అయినా వాటినీ మళ్లీ నడిపాం. మాటలకు పందొమ్మిది, నడకకు ఇరవై నాలుగు, రెండూ అంతే నిలిచాయి. రెంటినీ కలిపి, అంటే నడక చూపిన చోట్లను మాటల దగ్గరతనాన్ని బట్టి వరస పెడితే, ముప్ఫై ఒకటి.

ఫానోస్‌కు తొమ్మిది.

ఆ అంకెను యిల్కల్ రెండుసార్లు లెక్కపెట్టి చూశాడు. నాలుగేళ్ల పని. వాడు ఆ తొమ్మిదిని తనే కాగితం మీద రాసి సోఫానిత్ ముందు పెట్టాడు. వాడి మీద నాకు ఆ రోజు కలిగిన మంచి అభిప్రాయం అదొక్కటే, కానీ అది చిన్నది కాదు.

మూడుకు పది నిమిషాలు. కింద గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడు.

*

ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కుతుండగా సెంబో మీద మొదలుపెట్టాం. సోమవారం వివరాలతో ఒకసారి నడిపాం. ఆ రోజు సెంబో జాబితాలో ఉంది. మంగళవారం వివరాలతో ఇంకోసారి. ఆ రోజు లేదు. రెండోసారి మాత్రమే అడుగు పడిన చోట్లు నూట నలభై. వాటిని సెంబో ఆసుపత్రి ఫిర్యాదులోని మాటలకు దగ్గరగా ఉన్న వరసలో పేర్చమన్నాం.

ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చి టోపీ తీశాడు. బెకాలు లేచి అతనికి కుర్చీ చూపిస్తూ, పిల్ల మూల గదిలో ఉంది, మీరు తీసుకుపోవచ్చన్నాడు. సోఫానిత్ చెయ్యెత్తి ఆపింది. అద్దాల గదిలో తిర్సిత్ లేచి నిలబడింది. ఈ గదిలోంచి ఆమె కనబడుతోంది. పోలీసు దుస్తులను చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసి, గోడ తగిలాక ఆగింది.

వరస తెర మీదకు వచ్చింది.

మొదటి చోటు తిర్సిత్ ఫైలు కాదు. జాబితాతో సంబంధమే లేని చోటు. ఖాళీ సిలిండర్లు తిరిగొచ్చినప్పుడు లెక్కపెట్టే భాగం. పన్నెండేళ్ల కోడ్ అడుగున, ఎవరూ వెళ్లని మూల. నలభై లైన్లు.

యిల్కల్‌ను చదవమన్నాను. వాడు మెల్లగా, మామూలు మాటల్లో చెప్పుకుపోయాడు. ఏ ఆసుపత్రి అయినా ఖాళీ సిలిండర్లు గడువులోగా పంపకపోతే ఒక గుర్తు. మూడు గుర్తులు పడితే ఆ ఆసుపత్రిని జాబితాలోంచి తీసెయ్యి. ఎవరికీ తెలియజేయకు. ఖాళీలు వచ్చేదాకా చేర్చకు.



సెంబో దారిలో మూడు వారాలుగా కొండచరియ విరిగి లారీలు సగం దారిలోనే సరుకు దించి వెనక్కి వస్తున్నాయని అందరికీ తెలుసు. నిండు సిలిండర్లు ఆసుపత్రివాళ్లే గాడిదల మీద మోయించుకుపోయారు. ఖాళీలు కిందికి తెచ్చేసరికి లారీలు వెళ్లిపోయేవి. మూడు వారాలు, మూడు గుర్తులు.

"అంటే శిక్ష," అంది సోఫానిత్. "ఊపిరితో శిక్ష. దీన్ని ఎవరు ఒప్పుకున్నారు? నా ముందుకు ఏ కాగితమూ రాలేదు."

ఇది పొరపాటున దొర్లిన లైను కాదని నేను చెప్పాను. కూర్చుని, ఆలోచించి, ఎవరికీ తెలియజేయకు అని కూడా రాసి పెట్టినది. రాసినవాడికి మంగళవారం పొద్దున్నే అర్థమై ఉంటుంది సెంబో ఎందుకు మాయమైందో. బుధవారం సాయంత్రం దాకా సమయం ఉంది. ఒక్క ఫోన్ చేసి లారీ పంపినా సరిపోయేది. అలా చేస్తే ఎలా తెలుసని అడుగుతారు. అందుకని నోరు మూసుకున్నాడు. తర్వాత తాళం పడింది, చెరపడానికి వీలు లేకపోయింది. అప్పుడు ఫానోస్ ఒక పిల్ల పేరు చెప్పింది. ఇక కావలసిందల్లా ఫానోస్ మాట తిరుగులేనిదని రుజువు కావడం. నలభై తేదీలతో ఆ రుజువు తయారైంది.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పుస్తకం తీశాడు. రాసినవాడి పేరు ఉంటుందా అని అడిగాడు.

"ప్రతి లైను పక్కనా ఉంటుంది," అన్నాను. "యిల్కల్, తెరువు."

"ల్యాప్‌టాప్ మూసెయ్, యిల్కల్."

బెకాలు గొంతు ఇప్పుడు మెత్తగా లేదు. అతను బల్ల ఇటువైపుకు వచ్చాడు. సంస్థ రహస్యాలు పోలీసుల ముందు చదవడానికి ఎవరికీ హక్కు లేదన్నాడు. వకీలు రావాలన్నాడు. ఇది ఆజ్ఞ అన్నాడు. మూత మీద అరచేయి వేసి కిందికి నొక్కాడు.

యిల్కల్ ఆ చేతి మణికట్టు పట్టుకున్నాడు. పెద్దవాళ్ల మీద చెయ్యి వేయడం వాడు పెరిగిన ఇంట్లో జరిగే పని కాదు. అయినా ఆ చేతిని పైకెత్తి, పక్కకు పెట్టి, మూత తెరిచాడు. ఒక మీట నొక్కాడు. నలభై లైన్ల పక్కన నలభైసార్లు ఒకే పేరు వచ్చి నిలబడింది.

వాడు నా వైపు చూశాడు. నేను చెప్పనన్నట్టు తల ఊపాను. వాడి యంత్రమే ఒక పేరు తప్పుగా చెప్పింది. ఈ పేరు వాడే చెప్పాలి.

"ఎనిమిదేళ్ల కిందటిది," అన్నాడు యిల్కల్, ఇన్‌స్పెక్టర్‌కు రాసుకోవడానికి వీలుగా ఒక్కొక్క మాటే విడదీసి. "తిర్సిత్ అప్పటికి ఈ సంస్థలోనే లేదు. రాసింది బెకాలు యిమెర్."